వైరు కుర్చీ, ఏడు వందల ఎంబీ

ఆ రోజుల్లో ఎక్కడికి వెళ్ళినా ముందు అక్కడ ఏమేమున్నాయో జాబితా రాసుకునే జబ్బు నాకు ఉండేది. (జబ్బు ఇప్పటికీ తగ్గలేదు, కాకపోతే ఇప్పుడు దానికి నెలజీతం ఇస్తున్నారు.) దయ్యాన్ని చూశామని చెప్పేవాళ్ళ మాటలు ఒకరివి ఇంకొకరితో కలవవు, ఒకే మనిషి రెండుసార్లు చెప్పినా కలవవు. నా దగ్గర మాత్రం కాగితం ఉంది. కాబట్టి ఆ మధ్యాహ్నం తాతవాళ్ళ హాల్లో ఉన్నవాళ్ళు, ఉన్నవి, నోటుబుక్కులోని వరుసలోనే రాస్తున్నాను. గడప పక్కన అవ్వ. తూర్పు గోడకు ఆనుకుని ఆమె పెద్దకొడుకు, ఆయన భార్య. పడమటి గోడకు ఆనుకుని చిన్నకొడుకు, ఆయన భార్య. అవ్వ తమ్ముడు, ఊరంతా పంచాంగం మామ అని పిలిచే మనిషి. నేను పనిచేసే స్టూడియో యజమాని ఫ్లాష్ అన్న. నేను. మనుషులం ఎనిమిది మందిమి. ఇరవై ఒక్క అంగుళాల టీవీ ఒకటి. చైనా ప్లేయరు ఒకటి. సీడీ ఒకటి. గోడకు దండ వేసిన తాత ఫోటో ఒకటి. ప్లాస్టిక్ వైరు అల్లిన ఇనుప కుర్చీ ఒకటి, ఖాళీగా. లోపలికి వచ్చి పోతున్న ఎర్రకోడి ఒకటి. తలుపు నుంచి వెనక గోడ దాకా, సరిగ్గా ఆ కుర్చీ కిందుగా, నాపరాళ్ళ మీద సుద్దతో గీసిన గీత ఒకటి.

ఆ గీత మీద గోడ లేవబోతోంది. సిమెంటు ఇటుకలు అప్పటికే వాకిట్లో దింపి ఉన్నాయి. తూర్పు సగం పెద్దన్నది, పడమటి సగం చిన్నన్నది. తాత పోయిన నెల రోజులకే వాళ్ళిద్దరూ పంచుకోవడం మొదలుపెట్టారు. చేను అయింది, బోరు నీళ్ళు పూట లెక్కన అయ్యాయి, ఎద్దుల కొట్టం అయింది, చివరికి హాలు మిగిలింది. అవ్వ ఎవరినీ ఏమీ అనలేదట. సుద్ద గీత చూసి ఒక్క మాట అడిగిందట: "నేను ఏ పక్క కూచోవాల?" ఇద్దరు కొడుకులూ మా పక్కేనని వెంటనే అన్నారట. ఆ జవాబుతో అవ్వకు అన్నం దిగడం మానేసింది.

ఇంతలో నా పాత్ర ఏమిటంటే, ఆ కాలానికి తనకల్లు బస్టాండు వెనక ఉన్న స్టూడియోలో కంప్యూటరు మీద కూర్చునే ఏకైక మనిషిని నేనే. అనంతపురంలో డిప్లొమా చేసి వచ్చాను, వయసు ఇరవై రెండు. డిజిటల్ అనే మాట నోట్లో పడిందంటే ఆపేవాళ్ళు ఉండేవాళ్ళు కారు. ఫోటోకు వచ్చిన పెళ్ళికూతురికి పిక్సెల్ అంటే ఏమిటో చెప్పేవాడిని. టీ తెచ్చిన మనిషికి ఎంపీత్రీ ఎలా పుడుతుందో చెప్పేవాడిని. (ఆయన పాపం, వేరే హోటల్లో చేరిపోయాడు.) ఫ్లాష్ అన్నకు ఆ పేరు ఎందుకంటే, ఆయన పాత కెమెరాకు ఫ్లాషు ఎప్పుడూ ఫోటో పడిన తర్వాత వెలిగేది. మండలంలో సగం మంది ఆల్బమ్‌లలో చీకట్లో ఉన్నారు. ఆ కెమెరా పక్కన పెట్టి వీడియో కెమెరా కొన్నప్పుడు ఆయన నన్ను చేర్చుకున్నాడు. "నాకు లెన్సు తెలుసు, నీకు లెక్క తెలుసు, ఇద్దరం కలిస్తే ఒక మనిషి," అన్నాడు.

తాతను నేను మొదట చూసింది చిన్నన్న కూతురికి చెవులు కుట్టిన పండగ రోజు. వీడియో తియ్యడానికి వెళ్ళాం. హాల్లో ట్రైపాడు ఎక్కడ పెట్టాలో కొలిచి, కాళ్ళు మూడూ నాపరాళ్ళ అతుకుల మీద పడేలా నిలబెట్టి, తలుపు నుంచి మూడో రాయి, ఎత్తు ఇంత అని నోటుబుక్కులో రాసుకున్నాను. పిల్లల డాన్సులు, మేనమామ చీర, భోజనాలు అన్నీ అయ్యాక అవ్వ వచ్చి, ఈయన్ని కూడా ఒకసారి పట్టండప్పా, ఈయనవి ఫోటోలే లేవు అంది. తాత హాలు మధ్యలో తన వైరు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ కుర్చీ ఎప్పుడూ అక్కడే ఉండేదట. ఊడ్చేటప్పుడు కూడా దాని చుట్టూనే ఊడ్చేవాళ్ళట. తాత తలగుడ్డ సర్దుకుని, చేతులు రెండూ కుర్చీ చేతుల మీద పెట్టి, గడ్డం ఎత్తి, కెమెరా వంక చూస్తూ బిగుసుకుపోయాడు. ఆయన ఆయుష్షులో ఏ కార్డు కోసమో తీయించుకున్న ఫోటోలు రెండో మూడో, అన్నిటికీ కదలొద్దని చెప్పి ఉంటారు. ఇది వీడియో అని, కదలొచ్చని ఎవరమూ చెప్పలేదు. నేను చెప్పబోతే ఫ్లాష్ అన్న నా కాలు తొక్కాడు. చూద్దాం, ఎంతసేపు ఉంటాడో అని ఆయన సరదా.

తాత పదకొండు నిమిషాలు ఉన్నాడు. రెప్ప కొట్టాడో లేదో నేను చెప్పలేను. ఈగ ఒకటి వచ్చి ముక్కు మీద వాలి, తన పని చూసుకుని వెళ్ళింది. పదకొండో నిమిషం చివర పెదాలు మాత్రం కదిలించి మెల్లగా అడిగాడు: "అయిందా నాయనా? కదలొచ్చా?" నేను నవ్వు ఆపుకుంటూ అన్నాను: "ఇంకొంచెం సేపు ఉండు తాతా." ఆ మాటతో టేపు అయిపోయింది. ఆ మాట నా గొంతుతో టేపులో ఉంది. నేను ఆ ఇంట్లో అన్న మాటల్లో ఇంతకాలం మోసుకు తిరిగింది అదొక్కటే.

ఆ ఎండాకాలం తాత పోయాడు. కూర్చున్న చోటే పోయాడు, మధ్యాహ్నం అందరూ నిద్రపోతుంటే. దండ వెయ్యడానికి ఫోటో లేకపోతే, ఆ వీడియోలో నుంచి ఒక బొమ్మ తీసి పెద్దది చేసి ఇచ్చాను. వీడియోలో ముఖం ఉన్నది అగ్గిపెట్టె అంత, వాళ్ళు అడిగింది తలుపంత. ఉన్న గళ్ళనే సాగదీస్తే గళ్ళు పెద్దవవుతాయి కాని కొత్త ముఖం ఎక్కడి నుంచి వస్తుందని నేను వాదించాను. అవ్వ ఆ ఫోటోను దగ్గరగా చూసి, ఈయన ముఖమేందప్పా గళ్ళ దుప్పటి మాదిరి ఉండాది అంది. తర్వాత వెనక్కి నడిచి, ఇంకా వెనక్కి నడిచి, గడప దగ్గర ఆగి, ఈడ నుంచి చూస్తే ఆయనే అంది. అప్పటి నుంచి ఆమె గడప పక్కనే కూర్చునేది. (రిజొల్యూషన్ గురించి నేను డిప్లొమాలో మూడు నెలలు చదివింది ఆమె పది అడుగుల్లో తేల్చేసింది.)

పెద్దదినం నాడు మళ్ళీ మమ్మల్నే పిలిచారు. మా వైపు దినానికి కూడా వీడియో తీయించడం అప్పుడప్పుడే మొదలైంది. నేను నోటుబుక్కు తెరిచి, అదే మూడో రాయి, అవే అతుకులు, అదే ఎత్తులో ట్రైపాడు నిలబెట్టాను. ఆ క్రమశిక్షణకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ఆ రోజు మిద్దె మీద కాకికి కూడు పెట్టారు. కాకి వచ్చి ముట్టుకుంటే పోయినాయనకు ఏ చింతా లేనట్టు, ముట్టకపోతే ఏదో మిగిలిపోయినట్టు. మా దగ్గర మూడేళ్ళుగా వానల్లేవు. మనుషులు బెంగళూరుకు పోయారు, కాకులు ఎక్కడికి పోయాయో తెలియదు. రెండు గంటలు ఎదురుచూసినా ఒక్కటీ రాలేదు. చివరికి ఆ ఎర్రకోడి మిద్దె ఎక్కి నాలుగు మెతుకులు తిన్నది. కోడి తింటే లెక్కకు వస్తుందా రాదా అని పంచాంగం మామ చాలాసేపు ఆలోచించి, రాదు అన్నాడు. కిందికి దిగి హాల్లోకి రాగానే పెద్దన్న, నీ వల్లే నాయనకు చింత అన్నాడు. చిన్నన్న, నీ వల్లే అన్నాడు. మూడు నిమిషాలు గట్టిగా తిట్టుకున్నారు. కెమెరా తిరుగుతూనే ఉంది. తర్వాత పెద్దలు చెరొక వైపు కూర్చోబెడితే, ఖాళీ కుర్చీకి అటొకరు ఇటొకరు కింద కూర్చున్నారు, మేనమామలు కొత్త తలగుడ్డలు చుట్టారు. ఆ తర్వాత వాళ్ళు మాట్లాడుకోలేదు.

నెల తర్వాత అవ్వ స్వయంగా తనకల్లుకు ఆటోలో వచ్చింది. చెవులు కుట్టిన పండగ, తాత కూర్చున్నది, పెద్దదినం, అన్నీ కలిపి ఒకే సీడీలో కావాలని అడిగింది. మొత్తం రెండున్నర గంటలు, మామూలుగా అయితే మూడు సీడీలు పడుతుంది అన్నాను. ఒకటే కావాలంది. సరే, మూడూ రెండేసి కాపీలు తీస్తాను, కొడుకులిద్దరికీ ఉంటుంది, డిజిటల్‌లో అసలు, నకలు అని తేడా ఉండదు అని నా ఉపన్యాసం అందుకున్నాను. అవ్వ చివరి దాకా వినింది. వినేసి అంది: "ఇద్దరికీ ఉంటే నా కాడికి ఎవుడొస్తాడప్పా? ఒగటే చెయ్. అది నాకాడ ఉంటాది. వాళ్ళ నాయన్ని చూడాలంటే ఇద్దరూ నా నట్టింట్లోకే వచ్చి కూచోవాల. గీత మీద గోడ లేసేలోగా చెయ్."

నాకు అప్పుడు అర్థమైంది, ఇది సీడీ పని కాదని. కాని నాకు చేతనైంది సీడీ పనే కదా. సీడీలో పట్టేది ఏడు వందల ఎంబీ, అందులో రెండున్నర గంటలు ఇరికించాలి. దీనికి ఒక కిటుకు ఉంది, కథ మొత్తం దాని మీదే నిలబడింది కాబట్టి చెబుతాను. వీడియో అంటే సెకనుకు ఇరవై ఐదు బొమ్మలు. ప్రతి బొమ్మనూ పూర్తిగా రాస్తే ఒక సీడీలో కొన్ని నిమిషాలు కూడా పట్టవు. అందుకని మొదటి బొమ్మను పూర్తిగా రాసి, ఆ తర్వాత బొమ్మలకు మారిందేదో అది మాత్రమే రాస్తారు. ఈ గోడ ఇందాకటి మాదిరే, ఆ కుర్చీ ఇందాకటి మాదిరే, ఈ చెయ్యి మాత్రం ఇంత పక్కకు జరిగింది, అలా. అయితే ఎప్పటికీ తేడాలే రాసుకుంటూ పోతే పొరపాట్లు పేరుకుపోతాయి, అందువల్ల మధ్యమధ్యలో ఒక పూర్తి బొమ్మ రాయాలి. ఎంత పొదుపు చేసినా మూడు వందల బొమ్మలకు ఒకసారైనా పూర్తి బొమ్మ పడేలా నేనే అమర్చాను. అంటే పన్నెండు సెకన్లకు ఒకసారి. శబ్దాన్నీ ఇలాగే పిండాను. పెద్ద శబ్దం ఉన్నప్పుడు దాని కింద ఉన్న చిన్న శబ్దం చెవికి వినపడదు, కాబట్టి తీసెయ్యొచ్చు. పెద్దదినం నాటి భజన తాళాల కింద అవ్వ ఏడుపు అలా పోయింది. మిగిలిన గొంతులు ఎండిన బావిలో నుంచి మాట్లాడినట్టు అయ్యాయి.

పిండడం అయ్యాక ముక్కల సైజులు జాబితా రాసుకున్నాను. పిల్లల డాన్సులు నిమిషానికి తొమ్మిది ఎంబీ తిన్నాయి. తాత పదకొండు నిమిషాలకూ కలిపి ఆరు. ఆయన కదల్లేదు కాబట్టి ఆయనకు పెద్దగా చోటు పట్టలేదు. మొత్తం మీద పద్నాలుగు ఎంబీ ఎక్కువ వచ్చింది. పెద్దదినం ముక్క మొదట్లో ఉన్న తిట్లు తీసేస్తే పదిహేడు తగ్గుతుంది. చిన్నొదిన కూడా ఆ తిట్లు ఉండకూడదని అవ్వ వెనకాలే వచ్చి చెప్పి వెళ్ళింది. సరిగ్గా చెయ్యాలంటే తిట్లు తీసేసి ఆ ముక్కను మళ్ళీ మొదటి నుంచి పిండాలి, దానికి నాలుగు గంటలు కావాలి. మాకు కరెంటు మూడు గంటలకు మించి నిలిచేది కాదు. అప్పటికే రెండుసార్లు మధ్యలో పోయింది. కాబట్టి పిండిన ఫైలునే కత్తెర వేసినట్టు కోసి, తాత ముక్క చివర అంటించే చిన్న ప్రోగ్రాం ఒకటి వాడాను. ఫైలు తయారైంది, సీడీలో పట్టింది, మూడు ఎంబీ మిగిలింది కూడా. మొత్తం ఒకసారి వేసి చూడాలి కదా. కరెంటు పోయింది. అతుకు బాగానే ఉంటుందిలే అనుకున్నాను. నా జీవితంలో జాబితాలో టిక్కు పెట్టకుండా వదిలేసిన పని అదొక్కటే.

అలా ఆ మధ్యాహ్నం ఎనిమిది మందిమి ఆ హాల్లో కూర్చున్నాం. బయట ఎండ తెల్లగా కాస్తోంది, గాలి లేచి వాకిట్లో దుమ్ము సుడి తిరిగి ఇటుకల చుట్టూ పోతోంది. అన్నదమ్ములు చెరొక గోడకు ఆనుకుని టీవీనే చూస్తున్నారు, ఒకరినొకరు కాదు. డాన్సులు అయ్యాయి. తాత వచ్చాడు. ముందుకు తిప్పుదామా అని ఫ్లాష్ అన్న రిమోటు అందుకుంటే అవ్వ చెయ్యి ఎత్తి ఆపింది. పదకొండు నిమిషాలు తాత మమ్మల్ని చూశాడు, మేము తాతను చూశాం. టీవీలో ఉన్న హాలు, మేము కూర్చున్న హాలు ఒకటే. టీవీలో ఉన్న కుర్చీ టీవీ ముందు కూడా ఉంది. ఈగ వాలినప్పుడు పెద్దన్న తన ముక్కు రుద్దుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. తాత పెదాలు కదిలాయి. అయిందా నాయనా, కదలొచ్చా అని బావిలో నుంచి అడిగాడు. ఇంకొంచెం సేపు ఉండు తాతా అని నా గొంతు అంది.

తాత ఉన్నాడు.

శబ్దం మారిపోయింది, అది పెద్దదినం నాటి భజన తాళాల శబ్దం. బొమ్మ మాత్రం మారలేదు. అదే హాలు, అదే కుర్చీ, అందులో తాత గడ్డం ఎత్తి చూస్తూనే ఉన్నాడు. ఆయనకు అటూ ఇటూ నేల మీద నుంచి ఇద్దరు మనుషులు కొంచెం కొంచెంగా పైకి తేలారు. ముందు చేతులు వచ్చాయి, తర్వాత భుజాలు, తర్వాత సగం ముఖాలు, బూడిద రంగులో, అంచులు పచ్చగా. గుండు చేయించుకున్న పెద్దన్న ఒక పక్క, చిన్నన్న ఒక పక్క. వాళ్ళ తలలకు కొత్త గుడ్డలు చుడుతున్న చేతులు ఒంట్లు లేకుండా గాలిలో తిరుగుతున్నాయి. మధ్యలో తాత ఒక్కడే స్పష్టంగా ఉన్నాడు. తన దినానికి తాను వచ్చి కూర్చున్నాడు. పెద్దన్న తలగుడ్డ కొస తాత మోకాలి మీదుగా పోయినప్పుడు మోకాలు దానితోపాటు కొట్టుకుపోయింది, అక్కడ కుర్చీ వైర్లు కనపడ్డాయి. తర్వాత చిన్నన్న టీవీలో ముందుకు వంగాడు. ఆయన భుజం కుర్చీ పక్క నుంచి జరిగింది. కుర్చీ చేతి మీద ఉన్న తాత చెయ్యి కూడా దానితో జరిగింది. జరిగి, చిన్నన్న భుజం మీద ఆగి, అక్కడే ఉండిపోయింది.

గోడకు ఆనుకున్న చిన్నన్న తన భుజం తడుముకున్నాడు. ఎర్రకోడి గడపలో నిలబడిపోయింది. (ఇది కూడా నోటుబుక్కులో ఉంది.) అప్పుడు టీవీలో ఒక్కసారిగా తాత పోయాడు. ఖాళీ కుర్చీ, గోడకు గళ్ళ ఫోటో, నిండు రంగుల్లో అన్నదమ్ములు, మేనమామలు, అంతా మామూలే. పెద్దన్న మెల్లగా లేచి టీవీ ఆపేశాడు. ఆపి, తూర్పు గోడ దగ్గరికి తిరిగి పోకుండా, ఎక్కడ నిలబడ్డాడో అక్కడే కూర్చుండిపోయాడు. అది సుద్ద గీత మీద.

అవ్వ నన్ను చూసి అడిగింది: "ఎంతసేపు కూచున్న్యాడురా?"

ఫ్లాష్ అన్న నా కాలు తొక్కుతూనే ఉన్నాడు. నాకు మాత్రం భయానికి తెలిసిన మందు ఒకటే, వివరించడం. తప్పు నాదేనని మొదలుపెట్టాను. తిట్లు కోసినప్పుడు వాటితోపాటు మొదటి పూర్తి బొమ్మ కూడా పోయిందని, మిగిలినవన్నీ తేడాలేనని, ఆ తేడాలు వేసుకోవడానికి ప్లేయరుకు ముందున్న బొమ్మ తాతదేనని చెప్పాను. ముఖాలు చూస్తే ఎవరికీ ఎక్కలేదు. అందుకని వాన లెక్క రాసే పుస్తకం సంగతి చెప్పాను. మండలాఫీసులో రోజూ వాన ఎంత పడిందో రాస్తారు. మన దగ్గర రోజూ వాన లేదు, వాన లేదు అని రాయడం ఎందుకు, ఒకసారి లేదు అని రాసి, మారిన రోజు రాస్తే చాలదా? కంప్యూటరు అలాగే రాస్తుంది. మారకపోతే నిన్నటి మాదిరే అనుకుంటుంది.

పంచాంగం మామ ముక్కుపొడి డబ్బా మూసి అన్నాడు: "అంటే మా బావ పోయినాడని దానికి ఎవురూ చెప్పలా. అందుకని ఉండాడనే అనుకునింది."

అంతే మామా అన్నాను, కనీసం ఒకరికైనా అర్థమైందని సంతోషంతో.

"దానికి ఇంత సదువెందుకప్పా? మా యక్క నెలనుంచి అదే పని చేస్తాండాది."

పెద్దొదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు, జాబితాలో ఖాళీ వదిలాను. అవ్వ మాత్రం నా వివరణ అంతా ఒప్పుకుంది. తల ఊపుతూ, "మారనిది యాడికీ పోదు. నువ్వు చెప్పేదీ అదే, నేను చెప్పేదీ అదే," అంది. తర్వాత మళ్ళీ అడిగింది, ఎంతసేపు కూర్చున్నాడని. మూడు వందల బొమ్మలకు ఒక పూర్తి బొమ్మ రావాల్సిందే కాబట్టి పన్నెండు సెకన్లకు మించి వీలే లేదని చెప్పాను.

"కాదు. ఇంగా ఎక్కువసేపే కూచున్న్యాడు. నలభై ఏండ్లు ఆయప్ప పక్కన కూచున్న్యా, ఎప్పుడు లేస్తాడో నాకు తెల్దా?"

వీలే లేదవ్వా అన్నాను. అవ్వ నా మీద జాలిపడినట్టు చూసి, కోడికి గింజలు వెయ్యమని చిన్నొదినకు చెప్పింది. నెల తర్వాత మొదటిసారిగా ఆ పూట అందరికీ కలిపి ఒకే పొయ్యి మీద వండారని, అవ్వ సంగటి ముద్ద పూర్తిగా తినిందని మామ తర్వాత చెప్పాడు. నేను చూసింది ఇంతే. మేము బయల్దేరేటప్పటికి పెద్దన్న ఇంకా గీత మీదే కూర్చుని ఉన్నాడు. చిన్నన్న వచ్చి, చెయ్యి ఇంకా భుజం మీదే పెట్టుకుని, కుర్చీకి ఇటు పక్క కూర్చున్నాడు. ఇంచుమించు టీవీలో కూర్చున్నట్టే కూర్చున్నారు.

దారిలో ఫ్లాష్ అన్న నన్ను మెచ్చుకోవాలో తిట్టాలో తేల్చుకోలేకపోయాడు. తప్పు ఒప్పుకోవడం మంచిదే కాని, వాళ్ళు అడగకముందే ఒప్పుకోవడం మాత్రం వ్యాపారం కాదన్నాడు. వారం తిరిగేసరికి మూడు ఊళ్ళ నుంచి ఐదుగురు టేపులు పట్టుకుని స్టూడియోకు వచ్చారు, మా నాయన్ని కూడా ఒకసారి కూచోబెట్టప్పా అని. నేను వద్దని చెప్పినా ఫ్లాష్ అన్న ఒకరి దగ్గర టేపు తీసుకున్నాడు. అదే ప్రోగ్రాం, అదే కోత, అదే అతుకు, ఆరుసార్లు ప్రయత్నించాను. ప్రతిసారీ తెర మీద పచ్చటి మరక ఒకటి పాకి, చెదిరిపోయేది. మనిషి రాలేదు. తాత కదలకుండా కూర్చున్నాడు కాబట్టి వచ్చాడు, ఈ టేపులో మనిషి కదులుతున్నాడు కాబట్టి రాలేదు అని ఫ్లాష్ అన్నకు వివరించాను. ఆయన వినలేదు. నాకు కూడా అది సగం వివరణ లాగే అనిపించింది, కాని మిగతా సగం దొరకలేదు.

ఈలోగా కరెంటు నాలుగు గంటలు నిలిచిన రోజు చూసుకుని, తాత లేని, సరిగ్గా ఉన్న సీడీ ఒకటి తయారుచేసి తీసుకెళ్ళి అవ్వకు ఇచ్చాను, తప్పు దిద్దాను అని. అవ్వ తీసుకుంది, దీవించింది. తర్వాత దాన్ని పెరట్లో వంకాయ చెట్లకు పిట్టలు రాకుండా తాడుకు కట్టింది. ఎండలో అది తళతళలాడుతూ తిరిగేది. పాత సీడీ మాత్రం ట్రంకు పెట్టెలో, పట్టుచీర మడతలో ఉండేది. అమావాస్యకో, దినానికో దాన్ని బయటికి తీసేదట, కొడుకులిద్దరూ వచ్చి కూర్చునేవాళ్ళట.

గోడ లేచింది. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. పంపకం రాతలు అప్పటికే అయిపోయాయి, ఇటుకలు వచ్చేశాయి, అన్నదమ్ములు ఒక్క మధ్యాహ్నంలో మారిపోరు. కాని మేస్త్రీ పని మొదలుపెట్టే ముందు పెద్దన్న పక్కకు పిలిచి ఒక మాట చెప్పాడట. అదే మాట చెప్పడానికి చిన్నన్న కూడా సాయంత్రం మేస్త్రీ ఇంటికి వెళ్ళాడట. ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలియదు. గోడ తలుపు దగ్గర మొదలై కుర్చీ దాకా వచ్చి ఆగింది, కుర్చీ అవతల మళ్ళీ మొదలై వెనక గోడ దాకా పోయింది. ఆ సందుకు తలుపు పెట్టలేదు, తెర కూడా వెయ్యలేదు. కుర్చీ తియ్యలేదు. అవ్వ గడప పక్క నుంచి లేచి వచ్చి, ఏ పక్కా కాకుండా, మిగిలిన రోజులన్నీ అందులోనే కూర్చుంది.

అవ్వ పోయి ఇప్పటికి చాలా ఏళ్ళయింది. (ఆమె దినం నాడు కాకి వచ్చిందట. ఒకటి కాదు, మూడు. ఆ ఏడాది వానలు పడ్డాయి.) నేను ఇప్పుడు అనంతపురంలో ఉంటున్నాను, వీడియోలతోనే పని. అప్పుడు నాలుగు గంటలు పట్టిన పని నా జేబులోని ఫోను టీ తాగేలోగా చేస్తుంది. మొన్న పాత హార్డ్ డిస్కు ఒకటి పారేసే ముందు తెరిచి చూస్తే, ఆ ఫైలు ఉంది. మొదటిది, తప్పుది. ఆ హాల్లో నిలబడి, వానల్లేని ఊళ్ళో వాన పుస్తకం ఉదాహరణగా చెప్పి, వీలే లేదవ్వా అన్న ఇరవై రెండేళ్ళ మనిషి గుర్తొచ్చి నవ్వొచ్చింది. వాడు ఎనిమిది మందిని లెక్కపెట్టాడు, సీడీలో మిగిలిన ఎంబీలు లెక్కపెట్టాడు, కోడిని కూడా వదల్లేదు. అవ్వ రెండుసార్లు అడిగిన ఒక్కటి మాత్రం లెక్కపెట్టలేదు. జవాబు ముందే తెలిసినప్పుడు లెక్కపెట్టడం ఎందుకు అనుకున్నాడు.

అందుకని ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని, నా గొంతు ఆగి తాళాలు మొదలైన చోటు నుంచి, తాత మాయమయ్యే దాకా, ఒక్కొక్క బొమ్మనే జరుపుతూ లెక్కపెట్టాను. మూడు వందల దగ్గర ఆయన పోవాలి. పొరపాటు పడ్డానేమోనని మళ్ళీ లెక్కపెట్టాను. మూడోసారి నా భార్యను పక్కన కూర్చోబెట్టి, ఆమెకు ఏమీ చెప్పకుండా ఆమెతో లెక్కపెట్టించాను. మూడుసార్లూ ఒకే అంకె వచ్చింది. నోటుబుక్కులో ఆ రోజు జాబితా కింద ఖాళీ ఉంటే రాసుకున్నాను.

తాత కూర్చున్నది: మూడు వందల నలభై ఒక్క బొమ్మలు.